తిమింగలం పిలుపు, జవాబు లేని నిశ్శబ్దం: 8 నిమిషాల ఎలక్ట్రోఅకూస్టిక్ రచన (రికార్డు చేసిన శబ్దాలను కంప్యూటర్‌లో మలిచి చేసే సంగీతం) ఇంట్లోనే ఎలా చేయాలి

తిమింగలం పాటతో సంగీతం చేయాలనుకునేవాళ్ల ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయి? దొరికిన ఫైలులో ఏమీ వినపడటం లేదెందుకు? ఎంత కష్టపడినా చివరికి అది మసాజ్ సెంటర్లో పెట్టే పాటలా ఎందుకు తయారవుతోంది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇచ్చాం. మిగతా రెండూ సాంకేతిక విషయాలు, ఒక పూటలో తేలిపోతాయి.

ముందే ఒక మాట. ఒంటరితనం తిమింగలం గొంతులో ఉండదు, ఆ గొంతుకు జవాబు రావాల్సిన చోటులో ఉంటుంది. ఆ చోటును ఖాళీగా ఉంచగలిగితే రచన నిలబడుతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ ఖాళీని కాపాడుకోవడానికే.

ఏమేం కావాలి

- మామూలు కంప్యూటర్. 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు.
- ఆడాసిటీ, శబ్దాన్ని కత్తిరించి మలిచే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఈ పని మొత్తం దానితోనే అవుతుంది. రీపర్ అలవాటున్నవాళ్లు అందులో చేసుకోవచ్చు, మెనూ పేర్లు మాత్రం వేరుగా ఉంటాయి.
- చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. లాప్‌టాప్ స్పీకర్లతో ఈ పని మొదలుపెట్టకండి. చిన్న స్పీకర్లు 150 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు అనే కొలత, అంకె తగ్గితే స్వరం కిందికి దిగినట్టు) కింద దాదాపు మూగవే, తిమింగలాల్లో కొన్ని అసలు పాడేదే అక్కడ.
- ఒక వాద్యం, లేదా మీ గొంతు. వీణ, పిల్లనగ్రోవి, వయొలిన్, ఏదైనా ఫర్వాలేదు. ఒక్కటే ఉండాలి.
- కావాలనుకుంటే సొంత హైడ్రోఫోన్, అంటే నీళ్లలో ముంచే మైకు. తయారీ చివర్లో చెప్పాం. అది లేకపోయినా రచన పూర్తవుతుంది.

1. ఎవరి గొంతో ముందు తేల్చుకోండి

తిమింగలం అనగానే అందరి మనసులో మెదిలేది హంప్‌బ్యాక్ పాట. అది కొన్ని పదుల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా సాగుతుంది కాబట్టి ఏ మార్పూ లేకుండానే చెవికి అందుతుంది. ఫిన్ తిమింగలం అలా కాదు. సుమారు 20 హెర్ట్జ్ దగ్గర, ఒక్కోటి సెకను పాటు ఉండే చిన్న దరువులు వేస్తుంది. నీలి తిమింగలం గొంతు కూడా ఎక్కువగా 10 నుంచి 40 హెర్ట్జ్ మధ్యే. మనిషి చెవి 20 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. అందుకే ఆ ఫైళ్లు తెరిస్తే ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక అందరూ అడిగే '52 హెర్ట్జ్ తిమింగలం'. ఉత్తర పసిఫిక్‌లో అమెరికా నౌకాదళం సముద్రం అడుగున పెట్టిన హైడ్రోఫోన్లు 1989లో దీని గొంతు పట్టుకున్నాయి. వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం వాట్కిన్స్ బృందం ఏళ్ల తరబడి దాని జాడ వెంబడించింది, ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. తర్వాతి కాలంలో ఆ గొంతు కొద్ది కొద్దిగా కిందికి దిగింది. దాన్ని కంటితో చూసినవాళ్లు లేరు. మిగతా తిమింగలాలకు ఆ పిలుపు వినపడదన్నది జనం అల్లుకున్న కథ, ఎవరూ రుజువు చేయలేదు. రచన పరిచయంలో దాన్ని నిజంగా రాయకండి.

మనకు దగ్గర్లో ఇంకో ఉదాహరణ ఉంది. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు మిగతా హంప్‌బ్యాక్‌ల్లా ధ్రువ సముద్రాలకు వలస వెళ్లవు. వేల ఏళ్లుగా తమ జాతికి దూరంగా ఆ ఒక్క సముద్రంలోనే ఉండిపోయాయి. ఒమన్ తీరంలో వాటి లెక్క వందకు లోపే. ఒంటరితనం గురించి రచన చేయాలంటే ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

మొదటి రచనకు ఒక్క జాతి, ఒక్క గొంతు తీసుకోండి. రెండు గొంతులు కలిపితే అది సంభాషణ అయిపోతుంది.

2. రికార్డింగు సంపాదించడం

కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ 2015 నుంచి సుమారు 900 మీటర్ల లోతులో ఒక హైడ్రోఫోన్ నడుపుతోంది. ఆ రికార్డింగులన్నీ అందరికీ తెరిచే ఉంచింది. అసలు ఫైళ్లు చాలా పెద్దవి, వాటి జోలికి పోవద్దు. అవే తగ్గించి 2000 శాంపిల్ రేటుతోనూ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాశారో ఆ అంకె), 16000 శాంపిల్ రేటుతోనూ ఇస్తారు. నీలి, ఫిన్ తిమింగలాలకు మొదటిది తీసుకోండి, హంప్‌బ్యాక్‌కు రెండోది. అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ నోవా దగ్గర కూడా చిన్న చిన్న నమూనాలు దొరుకుతాయి. వాట్కిన్స్ పేరుతో ఉన్న సముద్ర క్షీరదాల ధ్వని భాండాగారం సొంత వాడకానికి, చదువుకు ఉచితం, వ్యాపారానికి కాదు. టికెట్టు పెట్టి ప్రదర్శించే రచనకు దాన్ని వాడితే చిక్కే.

1970లో వచ్చిన హంప్‌బ్యాక్ పాటల రికార్డు నుంచి ముక్కలు తీసుకోవద్దు. దానికి హక్కుదారులున్నారు. యూట్యూబ్ నుంచి దింపుకున్న శబ్దమూ వద్దు. హక్కుల సంగతి అలా ఉంచినా, కుదించిన ఫైలును నెమ్మదింపజేస్తే గలగలమనే చప్పుడు పైకి తేలుతుంది, దాన్ని తర్వాత తీయలేరు.

ఫైలు పక్కన ఉండే వివరణ తప్పక చదవండి. చాలా నమూనాలను వినేవాళ్ల సౌకర్యం కోసం ముందే 10 రెట్లు వేగం పెంచి పెడతారు. అది చూసుకోకుండా మళ్లీ 8 రెట్లు పెంచితే 52 హెర్ట్జ్ గొంతు 4 వేల హెర్ట్జ్ దాటి కీచుమంటుంది. 'నా తిమింగలం పిచ్చుకలా వినిపిస్తోంది' అనేవాళ్లందరిదీ ఇదే పొరపాటు.

3. చెవితో కాదు, ముందు కంటితో వినండి

ఆడాసిటీలో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు దగ్గర నొక్కి, 'స్పెక్ట్రోగ్రామ్' ఎంచుకోండి. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపించే బొమ్మ అది. సెట్టింగుల్లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీ నీలి, ఫిన్ తిమింగలాలకు 100 పెట్టండి, హంప్‌బ్యాక్‌కు 4000. విండో సైజు 2000 రేటు ఫైలుకు 4096 ఉంచితే దాదాపు అర హెర్ట్జ్ తేడా కూడా కనిపిస్తుంది. అదే 4096ను 44100 రేటు ఫైలులో పెడితే ఒక్కో గీత 11 హెర్ట్జ్ వెడల్పు అవుతుంది. 20 హెర్ట్జ్ పిలుపు, పడవ ఇంజను రొద అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి.

ఫిన్ తిమింగలం దరువులు కింది అంచున బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టుంటాయి. హంప్‌బ్యాక్ పాట ముగ్గు చుక్కల మధ్య లాగిన వంపుల్లా ఉంటుంది. అడ్డంగా మొదటి నుంచి చివరి దాకా తిన్నగా సాగిన గీత కనిపిస్తే అది యంత్రం చప్పుడు, తిమింగలం కాదు.

స్పష్టంగా ఉన్న 10 పిలుపులను గుర్తుపెట్టి లేబుల్ వేసుకోండి. అందులో నాలుగైదే చివరిదాకా మిగులుతాయి.

4. శుభ్రం చేయడం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం

స్టూడియో అలవాటున్నవాళ్లు చేసే మొదటి పని 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (ఆ అంకె కిందున్న శబ్దాన్ని తీసేసే ఫిల్టర్) పెట్టడం. ఇక్కడ అలా చేస్తే చెత్తతో పాటు తిమింగలం కూడా పోతుంది. ఫిన్, నీలి తిమింగలాలకు 10 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, హంప్‌బ్యాక్‌కు 30 దగ్గర.

నాయిస్ రిడక్షన్ వాడాలంటే, పిలుపు లేని 3 సెకన్ల భాగాన్ని నమూనాగా ఇచ్చి 6 డెసిబెల్ తగ్గించండి. 9 దాటవద్దు. దాటితే గాజు గోళీలు దొర్లినట్టు సన్నని చప్పుడు మొదలవుతుంది. సముద్రపు హోరు కొంత మిగలాలి. అది మచ్చ కాదు, ఆ గొంతు ఎంత దూరం నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం.

5. వేగం మార్చడం

ఇక్కడ మన సంగీతం తెలిసినవాళ్లకు ఒక సులువు ఉంది. వేగం 2 రెట్లు చేస్తే స్వరం సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పోతుంది, 4 రెట్లు చేస్తే రెండు స్థాయిలు, 8 రెట్లు చేస్తే మూడు. అందుకే 10 రెట్ల కంటే 8 రెట్లు మేలు. స్వరం అదే ఉంటుంది, స్థాయి మాత్రమే మారుతుంది. 52 హెర్ట్జ్ పిలుపు 416కు వస్తుంది, 20 హెర్ట్జ్ దరువు 160కి వస్తుంది. తర్వాత వాద్యం శ్రుతి చేసుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

2000 రేటు ఫైలుకు ఎఫెక్ట్ కూడా అక్కర్లేదు. ట్రాక్ మెనూలో 'రేట్' దగ్గర 'అదర్' ఎంచుకుని 16000 అని కొట్టండి. శాంపిళ్లు అవే ఉంటాయి కాబట్టి నాణ్యత ఏమాత్రం తగ్గకుండా 8 రెట్ల వేగం వస్తుంది. వేరే ఫైళ్లకైతే 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్'లో మల్టిప్లయర్ 8 ఇవ్వండి. 'ఛేంజ్ పిచ్' వాడకండి. అది కాలాన్ని అలాగే ఉంచి స్వరాన్ని మాత్రం లాగుతుంది, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

హంప్‌బ్యాక్‌కు వేగం పెంచాల్సిన పని లేదు. సగం వేగానికి తగ్గిస్తే మాత్రం జారుళ్లలోని మలుపులు విడివిడిగా వినిపిస్తాయి, ఒకసారి ప్రయత్నించి చూడండి.

సరిచూసుకోవడం: వేగం మార్చాక మళ్లీ స్పెక్ట్రోగ్రామ్ చూడండి. మొదట్లో చెప్పిన ఆ తిమింగలం అసలు ఫ్రీక్వెన్సీకి సుమారు 8 రెట్ల దగ్గర గీత ఉండాలి. లేకపోతే ఫైలు ముందే వేగం పెంచినదన్నమాట.

6. పిలుపులు కత్తిరించడం

ఒక్కో పిలుపును ముందు వెనకలా కొంచెం చోటుతో కత్తిరించి, రెండు చివరలా ఫేడ్ (శబ్దం మెల్లగా ఎక్కడం, మెల్లగా దిగడం) ఇవ్వండి. వేగం పెంచిన ముక్కకు 30 మిల్లీసెకన్లు సరిపోతుంది. అసలు వేగంలో ఉన్న 20 హెర్ట్జ్ ముక్కకు 150 మిల్లీసెకన్లయినా కావాలి, ఎందుకంటే ఒక్క కంపనానికే 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఫేడ్ అంతకంటే పొట్టిగా ఉంటే టప్‌మని చప్పుడు వస్తుంది. ఆ టప్పు హెడ్‌ఫోన్లలో సన్నగానే ఉంటుంది, హాల్లో పెద్ద స్పీకర్లలో గుండె మీద కొట్టినట్టుంటుంది.

తర్వాత ముక్కలు కలిపి 10 సెకన్ల పిలుపు ఒకటి తయారు చేయండి. కలిపే పద్ధతి తిమింగలం దగ్గరే నేర్చుకోవచ్చు. రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో హంప్‌బ్యాక్ పాట నిర్మాణాన్ని అచ్చులో వివరించారు. చిన్న ముక్కలు కలిసి ఒక పదబంధం అవుతాయి. ఆ పదబంధం పలుమార్లు తిరిగి వస్తుంది, అలాంటి ఆవృత్తులు కలిస్తే ఒక ఘట్టం, ఘట్టాలు ఒక వరసలో వస్తే పాట. మన కృతిలో సంగతులు వేసినట్టే, మళ్లీ వచ్చేటప్పుడు మొత్తం మార్చకుండా ఒక్క ముక్క మార్చండి. మొదటి పిలుపులో నాలుగు ముక్కలుంటే రెండోదానిలో మూడు అవే ఉంచి, చివరిది మాత్రం కాస్త పొడిగించండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే వినేవాళ్లు పాత పిలుపును గుర్తుపట్టరు. గుర్తుపట్టకపోతే, మళ్లీ పిలిచింది అన్న బాధ వాళ్లకు చేరదు.

సాగదీసే ఎఫెక్ట్ పాల్‌స్ట్రెచ్ గురించి చాలామంది అడుగుతారు. వాడొచ్చు, ఒకే ఒక్కచోట. స్ట్రెచ్ 4, టైమ్ రెజల్యూషన్ 0.25 మించకుండా, ఒక పిలుపు తోకకు మాత్రమే. ఫిన్ తిమింగలం దరువులకు దాన్ని తగిలిస్తే దరువు కరిగి పొగమంచు మిగులుతుంది. మొత్తం రచనకు పెడితే మొదట్లో చెప్పిన మసాజ్ సెంటర్ పాట వచ్చేసినట్టే.

7. సముద్రపు పరుపు

నిశ్శబ్దం అంటే సున్నా కాదు. శబ్దం పూర్తిగా ఆగితే వినేవాళ్లు ఫైలు ఆగిపోయిందనుకుని ఫోన్ చూస్తారు. అందుకని కింద ఒక పల్చని హోరు పరవాలి.

అదే రికార్డింగులో పిలుపులు లేని రెండు భాగాలు వెతకండి. పిలుపులకు ఎంత వేగం పెంచారో వీటికీ అంతే పెంచాలి, లేకపోతే పిలుపు తెచ్చి అతికించినట్టు వినిపిస్తుంది. వేగం పెంచాక ఒకటి 23 సెకన్లు, ఇంకొకటి 31 సెకన్లు రావాలి. అంటే అసలు ఫైలులో 184 సెకన్లు, 248 సెకన్లు కావాలి. అతుకులు కనపడకుండా 3 సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి దిగుతుండగా ఇంకోటి ఎక్కడం) ఇవ్వడానికి ఇంకాస్త ఎక్కువే తీసుకోండి. మొదటిది ఎడమకు, రెండోది కుడికి పెట్టి తిప్పుతూ పోండి. 23, 31 రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి రెండూ మళ్లీ ఒకచోట కలిసేది 713 సెకన్ల తర్వాతే. మీ రచన 480 సెకన్లకే అయిపోతుంది. తిరుగుడు ఎవరికీ తెలియదు.

ఈ హోరు గట్టితనం మైనస్ 48 నుంచి మైనస్ 45 డెసిబెల్ మధ్య ఉంచండి.

8. నిశ్శబ్దాన్ని కొలవడం

అసలు పని ఇదే. తొందరపడకండి.

నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. 15 కిలోమీటర్ల దూరంలో ఇంకో తిమింగలం ఉంటే పిలుపు అక్కడికి చేరడానికి 10 సెకన్లు, వెంటనే బదులిస్తే జవాబు రావడానికి ఇంకో 10. అంటే పిలిచిన తిమింగలం 20 సెకన్లు ఎదురుచూడాలి. 30 కిలోమీటర్లయితే 40 సెకన్లు, 45 అయితే నిమిషం. మీ ఖాళీల పొడవు ఇదే. ఎవరి మనసుకు తోచినంత వాళ్లు పెట్టుకునేది కాదు, దూరం చెప్పినంత.

480 సెకన్లను ఇలా పంచుకోండి:

- మొదటి 40 సెకన్లు: సముద్రపు హోరు మాత్రమే.
- మొదటి భాగం, 150 సెకన్లు: 10 సెకన్ల పిలుపు, 20 సెకన్ల ఖాళీ. అయిదుసార్లు.
- రెండో భాగం, 150 సెకన్లు: పిలుపు, 40 సెకన్ల ఖాళీ. మూడుసార్లు.
- మూడో భాగం, 140 సెకన్లు: పిలుపు, 60 సెకన్ల ఖాళీ. రెండుసార్లు.

పిలిచేది ఒక్కటే, వినాల్సినది దూరమవుతూ పోతోంది. వినేవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. మూడో భాగం వచ్చేసరికి ఒళ్లే చెబుతుంది.

ముందు ఖాళీలనే లేబుల్ ట్రాక్ మీద గుర్తించండి, ఆ తర్వాత పిలుపులు పెట్టండి. ఈ వరస తిప్పకండి. ముందు పిలుపులు పెట్టుకుంటూ పోతే 20 సెకన్ల ఖాళీ దగ్గర చెయ్యి ఆగదు. ఏదో ఒక బుడగ చప్పుడు, ఒక ప్రతిధ్వని, ఒక గంట నాదం పెట్టాలనిపిస్తుంది. పెట్టినప్పుడు బాగానే ఉంటుంది. మర్నాడు వింటే ఎదురుచూపు చచ్చిపోయి ఉంటుంది. దీనికి మందు ఒకటే: ఆ ఖాళీ విన్నంతసేపూ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయండి.

తంబుర కూడా వద్దు. చాలామంది శ్రుతి కోసం అలవాటుగా వేస్తారు. తంబుర అంటే పక్కన ఒక మనిషి కూర్చున్నట్టు, ధైర్యం చెబుతున్నట్టు. కచేరీలో దాని గొప్పతనమే అది. ఇక్కడ ఆ తోడే అడ్డం.

9. దూరం వినిపించడం

పెద్ద రివర్బ్ (హాల్లో మోగినట్టు ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) పెడితే సముద్రం రాదు, చర్చి వస్తుంది. నీటిలో దూరం పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు ముందు అరిగిపోతాయి, కిందివి దాదాపు చెక్కుచెదరకుండా ప్రయాణిస్తాయి. కాబట్టి ఒక్కో భాగానికీ లో-పాస్ ఫిల్టర్ (ఇచ్చిన అంకె పైనున్న శబ్దాన్ని తీసేసేది) కిందికి దించుతూ రండి: మొదటి భాగంలో 3000 హెర్ట్జ్, రెండో దానిలో 1500, మూడో దానిలో 700. గట్టితనం కూడా ఒక్కో భాగానికి 3 డెసిబెల్ తగ్గించండి. ఇలా చేస్తే వినేవాళ్ల చెవి జవాబు ఇవ్వాల్సిన ఆ రెండో తిమింగలం దగ్గర ఉండిపోతుంది. వినగలిగినది మనమే అవుతాం, బదులివ్వలేం.

నీటి పైతలం, అడుగు తలం నుంచి శబ్దం తిరిగి కొడుతుంది. దానికి మూడు ప్రతులు చాలు: 60 మిల్లీసెకన్లకు ఒకటి 4 డెసిబెల్ తక్కువగా, 140కి ఒకటి 8 తక్కువగా, 310కి ఒకటి 12 తక్కువగా. మొదటి ప్రతిని 'ఇన్వర్ట్' చేయండి, ఎందుకంటే నీటి పైతలాన్ని తాకిన శబ్దం తలకిందులై తిరిగి వస్తుంది. ఈ అంకెలు రుచికి తగ్గట్టు మార్చుకోవచ్చు, వంటలో ఉప్పులాగే.

ఇంకో మార్గం: ఇంట్లో ఖాళీ నీళ్ల సంపు ఉంటే చిన్న స్పీకర్, మైకు తాడుతో దించి, పిలుపును అందులో మోగించి రికార్డు చేయండి. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వని గుబులు వస్తుంది. సంపులోకి మీరు మాత్రం దిగకండి. మూసి ఉంచిన సంపులో ఆక్సిజన్ ఉండకపోవచ్చు, దిగినవాళ్లు అక్కడికక్కడే పడిపోయి ప్రాణాలు పోగొట్టుకుంటారు. స్పీకర్ బ్యాటరీది అయి ఉండాలి.

10. వాద్యం

వాద్యం పిలుపుతో పాటే మోగాలి, ఖాళీలోకి అడుగు పెట్టకూడదు. ఖాళీలో వీణ మీటితే అది జవాబైపోతుంది, కథ మారిపోతుంది.

తిమింగలం గొంతును అనుకరించకండి, దాని నడక తీసుకోండి. హంప్‌బ్యాక్ వంపులకు దగ్గరిది జారు గమకం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తీగ మీద వేలు నెమ్మదిగా జారాలి, 2 నుంచి 3 సెకన్లు. కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, వేస్తే వెంటనే రాగం వాసన వస్తుంది, వినేవాళ్లు అది ఏ రాగమో పోల్చుకునే పనిలో పడతారు. పిల్లనగ్రోవి అయితే ఊదుతూనే గొంతుతో అదే స్వరం ఒక స్థాయి కింద అనండి. రెండూ రాసుకుని గరగరమనే మూడో శబ్దం పుడుతుంది.

మైకును 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఫ్యాన్ ఆపి రికార్డు చేయండి. మొదటి భాగంలో వాద్యం వద్దు. రెండో భాగంలో పిలుపు కింద సన్నగా రావాలి. మూడో భాగంలో మొదటి పిలుపు తిమింగలానిది, రెండోది వాద్యానిది మాత్రమే.

ఒక చిక్కు: 52 హెర్ట్జ్ పిలుపును అసలు వేగంలో వాడేవాళ్లకు మన కరెంటు 50 హెర్ట్జ్ అడ్డొస్తుంది. వాద్యం రికార్డింగులో కరెంటు హమ్ ఉంటే రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. తిమింగలం వణుకుతోందనుకుని మురిసిపోకండి, అది మీ ఛార్జర్. వాద్యం ట్రాక్ మీద 50 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసేది) పెట్టండి. ఆ కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే క్యూ విలువ 30 అయితే 52 దగ్గర ఒక డెసిబెల్ కూడా తగ్గదు. 1 దగ్గర ఉంచి మొత్తం మిక్స్‌కు పెడితే 20 డెసిబెల్‌కు పైగా పోయి తిమింగలమే మాయమవుతుంది. అన్నిటికంటే మంచిది, లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేయడం.

11. మిక్స్, ఎగుమతి

తిమింగలం మధ్యలో, మోనోగా (ఒకే ఛానెల్‌గా). ఒక్క హైడ్రోఫోన్‌తో తీసిన గొంతును వెడల్పు చేసే ఎఫెక్టులు వాడితే అది గుంపవుతుంది. హోరు మాత్రమే రెండు పక్కలా.

కంప్రెసర్ (గట్టి, సన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే ఎఫెక్ట్) వద్దు. అది పిలుపును తగ్గించి హోరును లేపుతుంది, 60 సెకన్ల ఖాళీ కాస్తా ఫ్రిజ్ చప్పుడవుతుంది. మొత్తం సగటు గట్టితనం మైనస్ 23 నుంచి మైనస్ 20 ఎల్‌యుఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య, శిఖరం మైనస్ 1 డెసిబెల్ లోపు. ఆ కొలత బాగా సన్నగా ఉన్న భాగాలను లెక్కలోంచి తీసేస్తుంది కాబట్టి అంకె చూసి ఖాళీలు సరిగ్గా ఉన్నాయనుకోవద్దు, వాటిని చెవితోనే చూడాలి. 24 బిట్ వేవ్‌గా దాచుకోండి.

సొంత హైడ్రోఫోన్ కావాలంటే

27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (కంపనాన్ని కరెంటుగా మార్చేది), 5 మీటర్ల షీల్డెడ్ వైరు, 6.35 మిల్లీమీటర్ల జాక్, ఆరల్డైట్ జిగురు, 150 గ్రాముల సీసపు గుండు. టంకం పెట్టేటప్పుడు తెల్లటి భాగం మీద ఇనుమును 2 సెకన్లకు మించి ఆనించకండి, పూత లేచిపోతుంది. బిళ్లంతా, వైరు మొదలు కూడా మునిగేలా ఆరల్డైట్ రెండు పూతలు వేసి, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత ఉప్పునీళ్లలో గంట ఉంచి మల్టీమీటర్‌తో జాక్ రెండు కొసల మధ్య నిరోధం చూడండి. 2 మెగాఓమ్ స్కేలులో కూడా అంకె రాకూడదు. వస్తే నీళ్లు లోపలికి పోయినట్టే, ఇంకో పూత కాదు, ఇంకో బిళ్ల కావాలి.

దీన్ని మామూలు మైకు సాకెట్‌కు పెడితే కింది శబ్దాలన్నీ పోతాయి. బిళ్ల కెపాసిటెన్సు 20 నానోఫారడ్ అనుకుంటే, 2 కిలోఓమ్ మైకు ఇన్‌పుట్‌లో 4000 హెర్ట్జ్ కింద తగ్గడం మొదలవుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటారు కోసం ఉండే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో అయితే 8 హెర్ట్జ్ దాకా అందుతుంది.

దీనితో తిమింగలం దొరుకుతుందని ఆశపడకండి. చెరువు, బావి, తీరం శబ్దాలు హోరు పరుపుకు పనికొస్తాయి. సముద్రంలో రాళ్లున్న చోట ముంచితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా వినిపిస్తుంది. వైరు తెగిందనుకుంటారు, కాదు. అది చిటికె రొయ్యలు కొండిని టక్కున మూసినప్పుడు వచ్చే చప్పుడు. బావిలో మోటారు ఉంటే మెయిన్ ఆపకుండా వైరు ముంచవద్దు. సముద్రంలోకి స్పీకర్ దించి తిమింగలం పిలుపులు వినిపించే ప్రయోగం మాత్రం ఎవరూ చేయకండి, అక్కడి జీవులకు అది హాని.

బయటికి ఇచ్చేముందు

ఒక రోజు వినకుండా వదిలేయండి. తర్వాత మూడుసార్లు వినండి. మొదట ఫోన్ స్పీకర్‌లో: పిలుపు అసలు వినపడకపోతే, 'హెడ్‌ఫోన్లతో వినండి' అని పైనే రాయాలి. రెండోసారి స్పెక్ట్రోగ్రామ్ చూస్తూ: ఖాళీల్లో నిలువు గీతలు కనిపిస్తే అవి మీ అతుకులు. మూడోసారి రాత్రి, ఫ్యాన్ ఆపి, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా వినిపించండి. రచనను కాదు, వాళ్లను చూడండి. మూడో భాగంలో నిమిషం ఖాళీ నడుస్తుండగా వాళ్లు ఫోన్ అందుకుంటే హోరు స్థాయి 2 డెసిబెల్ పెంచి మళ్లీ ప్రయత్నించండి. 'అయిపోయిందా?' అని అడిగితే రెండో భాగం ఖాళీలు పొట్టిగా ఉన్నట్టు, ఎదురుచూడటం వాళ్లకు ఇంకా అలవాటు కాలేదు. తల కొంచెం పక్కకు వంచి వింటూ ఉండిపోతే, ఇక ఏమీ ముట్టుకోకండి.